విశాఖలో చిన్న ట్రావెల్ ఏజెన్సీ ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టడం ఎలా

ద్వారకానగర్‌లోనో, దొండపర్తిలోనో, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల సందుల్లోనో చిన్న గది అద్దెకు తీసుకుని, సొంత బండి ఒకటి, తెలిసినవాళ్ల బండ్లు నాలుగైదు పెట్టుకుని ట్రావెల్స్ నడుపుతున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నేను నడిపేదీ అటువంటి ఏజెన్సీయే. ఆన్‌లైన్ అమ్మకాల్లోకి దిగాలని మనలో చాలామందికి ఉంది. దిగినవారిలో కొందరు వెబ్‌సైట్‌కు డబ్బు పోసి, ఆరు నెలలకే దానిని వదిలేసి, మళ్లీ ఫోనుకూ డైరీకీ తిరిగి వచ్చేశారు. వారిని దెబ్బ తీసింది కంప్యూటరు రాకపోవడం కాదని నా నమ్మకం. మన వ్యాపారం నోటిమాట మీద నడుస్తుంది. ధర మనిషిని బట్టి, సీజన్‌ను బట్టి అప్పటికప్పుడు సర్దుకుంటుంది. ఆ నోటిమాటను ముందుగా రాతలోకి తేకుండా ఇంటర్నెట్‌లో పెట్టబోయినప్పుడే చిక్కులన్నీ వస్తాయి. అందువల్ల కింది అడుగుల్లో మొదటి మూడింటిలో సాంకేతిక విషయాలు చాలా తక్కువగా ఉంటాయి. వాటిని దాటవేసి ముందుకు వెళ్లవద్దని మనవి.

మొదటి అడుగు: ఏమి అమ్మాలో తేల్చుకోండి

రైలు టికెట్లు 2002లో రైల్వేకు చెందిన ఐఆర్‌సీటీసీ సంస్థ ద్వారా ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. 2008 ప్రాంతంలో విమాన సంస్థలు ఏజెంట్లకు ఇచ్చే కమీషన్‌ను చాలావరకు ఎత్తివేశాయి. ఆ తరువాత బస్సు సీట్లు కూడా ప్రయాణికుడి ఫోనులోకే వెళ్లిపోయాయి. 2025 జూలై నుండి తత్కాల్ బుకింగ్ తెరుచుకున్న మొదటి అరగంటలో అధీకృత ఏజెంట్లు సైతం టికెట్లు తీయడానికి వీలు లేదు. పరిస్థితి ఇలా ఉండగా, విమానాలను, బస్సులను వెదికి పెట్టే పెద్ద పోర్టల్ వంటి వెబ్‌సైట్‌ను మీ పేరుతో తయారుచేసి ఇస్తామని ఎవరైనా వస్తే ఒప్పుకోవద్దు. అదే టికెట్‌ను పెద్ద కంపెనీలు రాయితీలిచ్చి అమ్ముతున్నప్పుడు మీ దగ్గర కొనడానికి ప్రయాణికుడికి కారణం ఉండదు. పాత ఖాతాదారులకు టికెట్లు తీసి ఇచ్చే పని కొనసాగించండి, కాని దానిని మీ ఆన్‌లైన్ దుకాణానికి ముఖద్వారంగా పెట్టవద్దు. ఇంకొక ముఖ్య విషయం: ఐఆర్‌సీటీసీ ఏజెంటుగా అనుమతి లేకుండా సొంత ఐడీతో రైలు టికెట్లు తీసి అమ్మడం 1989 నాటి రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద నేరం, దానికి మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

మీ దగ్గర ఉండి పోర్టళ్ల దగ్గర లేనిది ఈ ఊరి ఆనుపానులు తెలిసి ఉండడం. కటికి జలపాతం దాకా మనం తెచ్చిన కారు వెళ్లదనీ, అక్కడ స్థానికుల జీపు మాట్లాడుకోవాలనీ మీకు తెలుసు. బీచ్‌రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి సోమవారం సెలవు అని తెలుసు. లంబసింగిలో తెల్లవారుజామున మంచు చూడాలంటే ఇక్కడ అర్ధరాత్రి దాటగానే బయలుదేరాలని తెలుసు. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో అప్పన్న నిజరూప దర్శనానికి వచ్చేవారి బండ్లను కొండ కిందే ఆపేస్తారనీ తెలుసు. కోల్‌కతాలోనో, హైదరాబాదులోనో కూర్చుని ప్రయాణం ఖరారు చేసుకుంటున్న కుటుంబానికి ఇవేవీ తెలియవు. వారు డబ్బు ఇచ్చేది ఈ తెలివిడికే.

కాబట్టి మొదట ఒక్క ప్యాకేజీని మాత్రమే ఎంచుకోండి. నా సలహా ఒక రోజు అరకు, బొర్రా గుహల ప్రయాణం. మీరు కళ్లు మూసుకుని నడపగలిగిన ప్రయాణం అదే అయి ఉంటుంది. అది సవ్యంగా సాగుతున్నదని తేలిన తరువాత నగర దర్శనం, ఆపైన అరకులో ఒక రాత్రి బస చేర్చవచ్చు. మొదటి రోజునే పాతిక ప్యాకేజీలు పెట్టిన దుకాణంలో ఏ ఒక్కటీ తాజాగా ఉండదు.

రెండవ అడుగు: ధరను, షరతులను పూర్తిగా రాయండి

ఇది అన్నింటికన్నా కష్టమైన పని. దీనికి కనీసం రెండు సాయంత్రాలు కేటాయించండి. మీ దగ్గర బండి నడిపే డ్రైవర్లలో అనుభవజ్ఞుడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, దారిలో ప్రయాణికులు ఏయే చోట్ల గొడవపడతారో అడిగి రాసుకోండి. నేను అడిగినప్పుడు మా డ్రైవర్ చెప్పిన మొదటి మాట ధర గురించి కాదు. ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపుతామన్న సంగతి ముందుగా చెప్పనందువల్లనే ఎక్కువ గొడవలు వస్తున్నాయని ఆయన చెప్పాడు. అంతకుముందు అన్నేళ్లలో ఆ ముక్క నేను ఏ కరపత్రంలోనూ వేయలేదు.

అరకు ప్యాకేజీ గురించి రాసేటప్పుడు కింది విషయాలన్నింటికీ సమాధానం ఉండాలి. బండి ఏది, డ్రైవర్ కాక ఎంతమంది కూర్చోవచ్చు, ఎన్ని గంటలకు ఎక్కడ ఎక్కించుకుంటారు, ఎన్ని గంటలకు దింపుతారు, ఎన్ని కిలోమీటర్ల వరకు ఈ ధర, ఆపైన కిలోమీటరుకు ఎంత, టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా ధరలో ఉన్నాయా, బొర్రా గుహల ప్రవేశ టికెట్లు ఎవరు కొనాలి, కటికి జీపు ఖర్చు ఎవరిది, భోజనం ఎవరిది, ఘాట్ మీద ఏసీ ఉంటుందా ఉండదా. ఇవన్నీ రాసిన తరువాత మీ పేజీ సుమారుగా ఇలా ఉంటుంది:

“విశాఖ నగరంలో మీరు బస చేసిన చోటు నుండి ఉదయం 6 గంటలకు బయలుదేరి, అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలు, అరకులో గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం చూపించి, రాత్రి 9 గంటలకు అదే చోట దింపుతాము. డిజైర్ కారు, నలుగురికి మాత్రమే. రానూపోనూ 260 కిలోమీటర్ల వరకు ఇదే ధర. టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా ధరలోనే ఉన్నాయి. ప్రవేశ టికెట్లు, భోజనం, కటికి జీపు మీ ఖర్చు. ఘాట్ ఎక్కే సమయంలో ఏసీ ఆపుతాము. గుహల దగ్గర మెట్లు ఎక్కువ, కనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ముందుగా ఆలోచించుకోగలరు. దారిలో కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు, కొంత నగదు దగ్గర ఉంచుకోండి.”

అరకు ఇక్కడికి సుమారు 115 కిలోమీటర్లు కనుక 260 అనేది నేను ఉదాహరణగా వేసిన అంకె. మీ లెక్కను మీరే వేసుకోండి. మోకాళ్ల నొప్పుల గురించిన వాక్యం రాస్తే బేరం పోతుందేమోనని భయపడవద్దు. ఆ వాక్యం చదివినవారు ఇతరుల పేజీలను పక్కన పెట్టి మనకు ఫోను చేయడం నేను పలుమార్లు చూశాను, ఎందుకంటే అది తమ మేలు కోరినవారు రాసినదని వారికి వెంటనే తెలిసిపోతుంది.

ధర కూడా ఒక్కటే వేయండి. దసరా నుండి సంక్రాంతి వరకు రేటు పెంచవలసి వస్తే, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు ఎంతో రాయండి. పేజీ మీద ఒక ధర, ఫోనులో ఇంకొక ధర చెప్పే అలవాటు ఉన్నంతకాలం ఎవరూ మీకు ముందుగా డబ్బు పంపరు.

రద్దు షరతులను మూడు వాక్యాలకు మించనివ్వవద్దు. ప్రయాణానికి రెండు రోజుల ముందు వరకు రద్దు చేసుకుంటే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తారా, ముందురోజు రద్దు చేసుకుంటే ఎంత పట్టుకుంటారు, తుఫాను వల్లనో, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడినందువల్లనో ప్రయాణం ఆగిపోతే ఏమిటి, ఈ మూడే ప్రధానం. హుద్‌హుద్ వంటి తుఫానును 2014లో చూసిన ఊరు మనది. చివరి షరతును మరిచిపోకూడదు. దారి మూసేస్తే తప్పు ఎవరిదీ కాదు కనుక పూర్తి డబ్బు తిరిగి ఇవ్వడమే న్యాయమని నేను అనుకుంటాను.

మూడవ అడుగు: బండ్ల క్యాలెండరు ఒక్కటే ఉండాలి

ఈ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టిన తొలి దసరా సెలవుల్లో ఒకే ఇన్నోవాను ఒకే రోజుకు ఇద్దరికి ఇచ్చాను. ఒక బుకింగ్‌ను మా బావమరిది ఫోనులో మాట్లాడి డైరీలో పెన్సిలుతో రాశాడు. రెండవది వెబ్‌సైట్ ఫారం ద్వారా వచ్చింది, డబ్బు కూడా జమ అయింది. నేను డైరీ చూడలేదు, ఆయన ఫోను చూడలేదు. తెల్లవారుజామున ఐదున్నరకు స్టేషన్ దగ్గరి లాడ్జి మెట్ల మీద ఆరుగురు బెంగాలీ కుటుంబ సభ్యులు స్వెటర్లు వేసుకుని, ఫ్లాస్కు, టిఫిన్ క్యారియర్ పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఇంకొక బండి దొరికేసరికి ఏడున్నర అయింది. ఆ రోజు వారికి బొర్రా చూపించగలిగాము గాని మ్యూజియం చూపించలేకపోయాము. సగం డబ్బు తిరిగి ఇచ్చినప్పుడు ఆ ఇంటి పెద్దాయన తీసుకున్నాడు, కాని రాత్రి దిగేటప్పుడు నాతో మాట్లాడలేదు.

అందువల్ల డైరీని మానేయండి. గూగుల్ షీట్ ఒకటి తెరిచి, అడ్డంగా బండ్లు, నిలువుగా తేదీలు పెట్టి, దుకాణంలో పనిచేసేవారందరి ఫోన్లలోనూ అదే కనిపించేలా పంచుకోండి. ఎవరు బుకింగ్ తీసుకున్నా అడ్వాన్సు అందిన నిమిషంలోనే గడి నింపాలి; గడి నిండకపోతే బండి ఇచ్చినట్లు కాదు. మన సొంతం కాని బండ్ల విషయంలో యజమాని ఆ తేదీకి మాట ఇచ్చిన తరువాతే గడిని ఖాళీగా చూపించండి. నెల రోజులు ఈ షీటు తప్పులేకుండా నడిచేవరకు, డబ్బు కట్టగానే బుకింగ్ దానంతటదే ఖరారయ్యే ఏర్పాటును వెబ్‌సైట్‌లో పెట్టవద్దు. “మీ కోరిక అందింది, రెండు గంటల్లో ఖరారు చేస్తాము” అని రాస్తే చాలు. ఆ రెండు గంటల మాటను మాత్రం తప్పకూడదు.

నాలుగవ అడుగు: కాగితాలు

చిన్న వ్యాపారాల నమోదైన ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌ను ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. దానికి డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. ఏజెన్సీ పేరుతో బ్యాంకులో కరెంటు ఖాతా తెరవండి. సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేనివారు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు. మిగిలిన వివరాలకు ఆడిటరును సంప్రదించండి.

బండ్ల విషయంలో రాజీ పడవద్దు. పసుపు నంబరు ప్లేటు, టూరిస్టు పర్మిటు, ఫిట్‌నెస్, బీమా ఉన్న బండ్లనే ఆన్‌లైన్‌లో చూపించండి. తెల్ల ప్లేటు బండిని కిరాయికి పంపి, ఘాట్ మీద ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చెల్లించడానికి నిరాకరించవచ్చు.

2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలను కూడా గమనించండి. ఏజెన్సీ చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫోను, రద్దు, రిఫండ్ షరతులు, ఫిర్యాదులు చూసే వ్యక్తి పేరు వెబ్‌సైట్‌లో స్పష్టంగా ఉండాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లోగా తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. కొనుగోలుదారు ఒప్పుకున్నట్లు ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులను వాడకూడదు.

ఐదవ అడుగు: దుకాణాన్ని ఫోనులో కనిపించేలా చేయండి

ముందుగా గూగుల్ మ్యాప్‌లో మీ వ్యాపారాన్ని నమోదు చేయండి. ఇది ఉచితం. బోర్డు కనిపించేలా దుకాణం ఫోటో, నిజమైన బండ్ల ఫోటోలు, సరైన ఫోను నంబరు పెట్టండి. ఇంటర్నెట్ నుండి దించుకున్న అందమైన కారు బొమ్మ పెట్టవద్దు. నంబరు ప్లేటు కనిపించే మీ బండి ఫోటోకే నమ్మకం ఎక్కువ. వారానికి ఒకసారి ఆ పేజీని మీరే తెరిచి, ఎవరైనా నంబరును మార్చారేమో చూసుకోండి.

తరువాత వాట్సాప్ బిజినెస్. రెండవ అడుగులో రాసుకున్న వివరాలన్నీ దాని క్యాటలాగ్‌లోకి ఎక్కించండి. పదేపదే అడిగే ప్రశ్నలకు సిద్ధ సమాధానాలు పెట్టండి. బుకింగులకు రంగు లేబుళ్లు పెట్టుకునే సౌకర్యం కూడా ఉంది: అడిగినవారు, అడ్వాన్సు ఇచ్చినవారు, ప్రయాణం పూర్తయినవారు. చిన్న ఏజెన్సీకి మొదటి ఏడాది ఈ రెండే చాలునని నేను ధైర్యంగా చెప్పగలను.

వెబ్‌సైట్‌కు ఐదు పేజీలు సరిపోతాయి. అవి ఫోనులో త్వరగా తెరుచుకోవాలి. తెలుగుతో పాటు హిందీ, ఇంగ్లీషు ఉండాలి. పూజా సెలవుల్లోనూ చలికాలంలోనూ బెంగాల్ నుండి ఎంతమంది వస్తారో మనకు తెలుసు కనుక అరకు పేజీ ఒక్కటైనా బెంగాలీలో రాయించండి. ఆ భాష బాగా వచ్చినవారితో ఒకసారి చదివించకుండా యంత్రం చేసిన అనువాదాన్ని పెట్టవద్దు.

డొమైన్ పేరును, అంటే వెబ్‌సైట్ చిరునామాను, మీ సొంత ఈమెయిలుతో, మీ పేరు మీద మీరే కొనండి. మా మొదటి వెబ్‌సైట్ చేసిన వ్యక్తి డొమైన్‌ను తన పేరు మీద తీసుకున్నాడు. రెండేళ్ల తరువాత ధరలు మార్చమంటే, అడిగినంత ఇస్తే తప్ప పాస్‌వర్డ్ ఇవ్వనన్నాడు. చివరకు ఆ పేరునే వదులుకుని, విజిటింగ్ కార్డుల నుండి బండి వెనక అద్దం మీద స్టిక్కరు దాకా అన్నీ మార్చుకోవలసి వచ్చింది.

ఆరవ అడుగు: డబ్బు తీసుకోవడం, తిరిగి ఇవ్వడం

మొదట యూపీఐతో ఆరంభించండి. వ్యాపార క్యూఆర్ కోడ్‌ను ఏజెన్సీ పేరుతో తీసుకుంటే డబ్బు పంపేవారి తెరమీద మీ సొంత పేరుకు బదులు ఏజెన్సీ పేరు కనిపిస్తుంది. ఎక్కడో ఉన్న మనిషి ముక్కూమొహం తెలియని మనకు రెండు వేలు పంపేముందు ఆ పేరునే చూస్తాడు.

బుకింగులు పెరిగి, కార్డులతో కట్టేవారు వస్తున్నప్పుడు పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్ చెల్లింపులను మీ ఖాతాకు చేర్చే సేవ, తీసుకోండి. పాన్, బ్యాంకు ఖాతా వివరాలతో పాటు వెబ్‌సైట్‌లో షరతుల పేజీలు ఉన్నాయో లేదో ఆ సంస్థవారు చూస్తారు. రుసుము సాధారణంగా 2 శాతం ప్రాంతంలో ఉంటుంది, దానిమీద 18 శాతం జీఎస్టీ. ఉదాహరణకు 6,000 రూపాయల ప్యాకేజీకి రుసుము 120, పన్ను 21 రూపాయల 60 పైసలు, మొత్తం 141 రూపాయల 60 పైసలు మీ చేతికి రావు. ఈ ఖర్చును ధర నిర్ణయించేటప్పుడే కలుపుకోండి. కార్డు నంబర్లను మీరు ఎక్కడా రాసుకోవద్దు. 2022 అక్టోబరు నుండి వ్యాపారులు వాటిని భద్రపరచకుండా రిజర్వు బ్యాంకు నిషేధించింది. ఫోనులో కార్డు వివరాలు చెప్పబోయేవారిని కూడా మీరే ఆపండి.

పూర్తి డబ్బు ముందుగా అడగవద్దు. పావు వంతు అడ్వాన్సు, మిగిలినది బండి ఎక్కినప్పుడో, దిగినప్పుడో తీసుకోవడం మన ఊరి అలవాటుకు సరిపోతుంది. అడ్వాన్సు అందగానే రసీదు వెళ్లాలి.

ఇక రిఫండ్. షరతుల ప్రకారం తిరిగి ఇవ్వవలసిన డబ్బును అడిగిన రోజునే పంపండి, పంపిన వివరాన్ని వాట్సాప్‌లో పెట్టండి. చేతికి వచ్చిన డబ్బు డీజిలుకు ఖర్చయిపోయి, రిఫండ్ ఇవ్వడానికి ఖాతాలో ఏమీ లేని పరిస్థితి మన వృత్తిలో చాలా సాధారణం. అందుకని ఆన్‌లైన్ అడ్వాన్సులను ప్రయాణం పూర్తయ్యేదాకా ముట్టుకోకుండా వేరే ఖాతాలో ఉంచండి. ఈ ఒక్క క్రమశిక్షణ లేకపోతే మిగిలిన అడుగులన్నీ వృథా అవుతాయి.

మోసాల గురించి కూడా తెలుసుకోండి. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు కనుక, నేవీ అధికారినంటూ ఫోను చేసి, పది బండ్లు కావాలని ఆశ చూపించి, అడ్వాన్సు పంపడానికంటూ క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమనేవారు ఉన్నారు. డబ్బు రావడానికి పిన్ కొట్టవలసిన అవసరం ఎప్పుడూ ఉండదు. పొరపాటున ఎక్కువ పంపామని, మిగతాది వెంటనే తిప్పి పంపమని స్క్రీన్‌షాట్ పెట్టేవారి విషయంలో ఖాతాలో జమ చూసుకోనిదే కదలవద్దు. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయండి.

ఏడవ అడుగు: పెద్ద వేదికలతో ఎంతవరకు

పెద్ద పోర్టళ్లలో మీ ప్యాకేజీని చేర్చుకోవచ్చు, కాని ముందు లెక్క వేయండి. 6,000 రూపాయల మీద 15 శాతం కమీషన్ అడిగారనుకుంటే 900 పోతాయి. డీజిలు, బత్తా, బండి యజమాని వాటా తీసేసిన తరువాత మీకు మిగిలేది అంతకన్నా తక్కువైతే అది వ్యాపారం కాదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారి అమ్మకాల మీద పోర్టల్ 0.5 శాతం టీసీఎస్ (అమ్మకం దగ్గరే ముందుగా పట్టుకునే పన్ను) కూడా పట్టి ప్రభుత్వానికి కడుతుంది. దానిని రిటర్నులో తిరిగి చూపుకోవాలి. బండ్లు ఖాళీగా ఉండే వేసవి నెలల్లో పోర్టల్‌కు ఇచ్చి, డిసెంబరులో మూసివేయడం నాకు అనుకూలంగా ఉంది.

ఎనిమిదవ అడుగు: బుకింగు నుండి ప్రయాణం దాకా

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఆరు గంటలకు ఒక వోచరు పంపండి. అందులో డ్రైవర్ పేరు, ఫోను, బండి నంబరు, ఎక్కే చోటు, సమయం, ఇంకా కట్టవలసిన మొత్తం ఉండాలి. దానిని ఫోనులో దాచుకోమని చెప్పండి, ఎందుకంటే అనంతగిరి దాటాక సిగ్నల్ దొరకక, గుహల బయట డ్రైవర్‌ను వెదుక్కునే కుటుంబాలను ఇప్పటికీ చూస్తున్నాము. అదే వోచరు డ్రైవర్‌కు కూడా వెళ్లాలి. ఏ ఖర్చులు ధరలో ఉన్నాయో డ్రైవర్‌కు తెలియకపోతే, పార్కింగ్ దగ్గర ఆయన అడిగే యాభై రూపాయలే మీ పేజీ మీద రాసినదంతా అబద్ధమని చెబుతాయి. ఆన్‌లైన్ బుకింగుకు డ్రైవర్ల కమీషన్ తగ్గించే పని ఎన్నడూ చేయవద్దు.

ప్రయాణం ముగిసిన మరునాడు ఉదయం, ఎలా జరిగిందో ఒక్క వాక్యంలో అడగండి. బాగుందన్నవారికి గూగుల్ రివ్యూ లింకు పంపండి; డబ్బిచ్చి రివ్యూలు రాయించవద్దు. ఫిర్యాదు వస్తే ముందు ఫోను చేసి మాట్లాడి, ఆ తరువాతే రివ్యూ కింద జవాబు రాయండి. ప్రయాణికుల ఆధార్ కాపీలు అడగవలసి వస్తే, పని పూర్తికాగానే వాటిని ఫోనులోంచి తొలగించండి.

ప్రతి సోమవారం ఉదయం దుకాణం తెరిచిన వెంటనే అరగంట కూర్చుని మూడు అంకెలు రాసుకోండి: గత వారం ఎంతమంది అడిగారు, ఎంతమంది అడ్వాన్సు పంపారు, ఎంతమందికి రిఫండ్ ఇచ్చారు. అడిగినవారు ఎక్కువగా ఉండి అడ్వాన్సులు రాకపోతే, వారితో జరిగిన వాట్సాప్ సంభాషణలను పైనుంచి కిందకు చదవండి. అందరూ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోయి ఉంటారు. ఆ ప్రశ్నకు సమాధానాన్ని ఆ రోజే ప్యాకేజీ పేజీలో చేర్చండి.